మేనత్త కళ్ళు

పాపకి ఏడాది నిండేసరికి అవి పిల్లికళ్ళేనని తేలిపోయింది. తల్లివీ తండ్రివీ నల్లటి కళ్ళు. ఆ తేనెరంగు కళ్ళు అత్తింటివైపు ఒక్క ఆడపడుచుకే ఉన్నాయి. ఇంకేముంది, చూసినవాళ్ళందరిదీ ఒకటే పాట: "అచ్చం మేనత్తే!"

పాప తల్లి కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. తొమ్మిది నెలలు మోసింది తాను, పేరు మాత్రం ఆవిడకి! ఆడపడుచు ఆదివారం వచ్చి "నా బంగారం, నా కళ్ళే" అంటూ పాపని చంకనేసుకుంటే తల్లికి ఒళ్ళు మండిపోయేది. స్నానానికి వేళయిందని లాక్కునేది. స్నానం అప్పటికే అయిపోయి ఉండేది.

ఒకరోజు సైన్సు టీచరు విరిగిన కళ్ళజోడు పట్టుకుని షాపుకొచ్చింది. మాటల్లో ఈమె కడుపులోదంతా కక్కేసింది. టీచరు నవ్వింది.

"కళ్ళ రంగు లెక్క ఇంత సులువు కాదు గానీ, మామూలుగా జరిగేది చెప్తా. తల్లి నుంచి ఒక జన్యువు, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. నల్లకళ్ళది బహిర్గతం. ఒక్కటున్నా చాలు, పక్కదాన్ని నోరెత్తనివ్వదు. పిల్లికళ్ళది అంతర్గతం. రెండూ అలాంటివే వస్తేనే బయటపడుతుంది."

"అంటే?"

"మీ ఆయన ఒకటిస్తే రెండోది మీరే ఇచ్చారు. మీలో దాక్కుని ఉందన్నమాట."

ఈమె వెంటనే అమ్మకి ఫోన్ చేసింది. "మా అమ్మమ్మవి పిల్లికళ్ళేనే! నువ్వు పుట్టకముందే పోయింది" అంది అమ్మ.

ఆదివారం ఆడపడుచు కోసం గుమ్మంలోనే కాచుకుంది. "సగం నాది" అని టీచరు చెప్పిందంతా అప్పజెప్పింది. ఆడపడుచు మొహం చిన్నబోయింది.

"నా పిల్లలిద్దరికీ వాళ్ళ నాన్న కళ్ళే, వదినా. నా పోలిక ఒక్కటీ రాలేదు. నిన్ను చూస్తే ఎంత కుళ్ళుగా ఉంటుందో తెలుసా?"

కుళ్ళుకున్నది తానొక్కతే అనుకుంది ఈమె ఇన్నాళ్ళూ. ఆ పిల్లలిద్దరిలోనూ పిల్లికళ్ళ జన్యువు దాక్కునే ఉంటుంది, ఆడపడుచు దగ్గర రెండూ అవే, ఇవ్వడానికి వేరేది లేదు కదా. తెలిసీ చెప్పలేదు. టీ పెట్టింది, తాగారు, కప్పులు కడిగింది. ఆడపడుచు చెప్పులు వేసుకుంటుంటే అప్పుడు చెప్పింది.

"నిజంగానా!" ఆడపడుచు ఒంటి చెప్పుతోనే లోపలికొచ్చేసింది. "అయితే నా మనవలకి రావచ్చా?"

"రావచ్చు. అవతలివైపు నుంచీ ఒకటి రావాలి మరి."

ఆడపడుచు పాపని ఎత్తుకుని ముద్దులు పెట్టింది. ఈమె అడ్డురాలేదు. కాస్త ఎక్కువసేపే ఎత్తుకుందని మాత్రం అనుకుంది.