కదలని చుక్క

తెరమీద రెండు ఫొటోలు మారుతున్నాయి. ఒకే ఆకాశం, కాస్త వ్యవధితో తీసినవి. అటు, ఇటు, అటు, ఇటు. చుక్క ఏదైనా పక్కకు జరిగిందంటే అది భూమి దాపుల్లో తిరిగే రాయి. దాని చుట్టూ పచ్చగీత గీసి పైఅంతస్తుకు పంపాలి. కదలనిదాన్ని కొట్టిపారేయాలి. వేధశాల నేలమాళిగలో, కుర్చీ గుంటపడేంత కాలంగా ఆమె చేస్తున్న ఉద్యోగం ఇంతే. ఆఫీసంతా ఆమెను చుక్కలమ్మ అంటారు. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, అసలు పేరు జీతాలిచ్చేవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

బొద్దు మనిషి. మౌసు మీదే ఉండి ఉండి చూపుడువేలు కొస వంకర తిరిగింది. ఎదుటివాళ్లతో మాట్లాడేటప్పుడు కూడా వాళ్ల మొహంలో ఏదో జరుగుతుందేమోనని రెప్ప వేయకుండా చూస్తుంది. కొత్తవాళ్లు జడుసుకుంటారు.

ఆ ఉదయం ఫొటో మూలన ఒక చుక్క. కదల్లేదు. నిన్నా అక్కడే ఉంది, మొన్నా అక్కడే. ఇవాళ మాత్రం కాస్త కాంతిగా ఉంది. కెమెరాలో మచ్చ అయ్యుంటుందిలే అని కొట్టేసింది. కొట్టేశాక ఎందుకో మెడ వెనుక జలదరించింది. ఎవరో నిలబడి చూస్తున్నట్టనిపించి వెనక్కి తిరిగింది. మూసిన తలుపు తప్ప ఏమీ లేదు.

"ఏసీ ఎక్కువైంది" అని గొణుక్కుంది.

కాసేపటికి ఆ తలుపే తోసుకుని పైఅంతస్తు మేడం వచ్చింది. "చుక్కలమ్మా, ఈ మూలనున్నది కొట్టేశారా?"

"కదలట్లేదు కదా మేడం."

"మనకి కదలట్లేదు. సముద్రం అవతలివాళ్లకి కదులుతోంది."

ఆవిడ మూడు రోజుల ఫొటోలూ కలిపి కక్ష్య గీసి చూపించింది. సూర్యుడి చుట్టూ కోలగా ఒక గీత, భూమి దారిని ఒకచోట కోస్తూ పోతోంది. ఎన్ని వేల ఏళ్లనుంచో ఆ రాయి ఆ కూడలి దాటుతూనే ఉంది. ప్రతిసారీ అదైనా ముందు దాటేది, మనమైనా ముందు దాటేవాళ్లం. ఈసారి ఇద్దరం ఒకేసారి చేరుతున్నాం. ఈ సాయంత్రమే, పొద్దుగూకగానే.

చుక్కలమ్మ కుర్చీలోంచి లేచింది. "అయ్యో, మరి జనం?"

"లారీ అంత రాయి. గాలిలోనే మసైపోతుంది. పడమటి దిక్కున ఒక వెలుగు, అంతే. మీరు కంగారుపడకండి, నేనైనా కొట్టేసేదాన్నే."

అయినా మనసు నిలవలేదు. మూడు రోజులుగా అది తనవైపే వస్తుంటే, తను బల్లమీద దుమ్ము తుడిచినట్టు తుడిచేసింది. సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువ భయమేసింది.

మధ్యాహ్నం ఇంటికి ఫోను చేసింది. ఆమె భర్త ఒకప్పుడు లారీ డ్రైవరు. గుండె సగమే పనిచేస్తోంది, మెట్లెక్కితే ప్రాణానికే ముప్పు అని డాక్టరు చెప్పినప్పటినుంచి ఈ ఫోను చేయందే ఆమెకు మెతుకు దిగదు.

"ఎలా ఉన్నారు?"

"అలాగే ఉన్నానే. నీ చుక్కలెలా ఉన్నాయి?"

చెప్పింది. ఆయన నవ్వాడు. "లారీ అంతా? లోడు మీదుందా, ఖాళీగా వస్తోందా?" నవ్వు దగ్గయింది. కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "నీ తప్పేం లేదే. రోడ్డు మీదా అంతే. పక్కకి పోయే లైటు కదులుతుంది. తిన్నగా మన మీదికొచ్చేది ఉన్నచోటే ఉన్నట్టుంటుంది. పెద్దదవుతుందంతే."

ఆమె తెరమీద ఆ మూలకేసి చూసింది.

"సాయంత్రం మేడ మీదికెళ్లి చూద్దామా?" అన్నాడు.

"బుద్ధుందా అసలు? మెట్లెక్కారంటే ఊరుకోను. కిటికీలోంచి చూడండి."

"మన కిటికీ తూర్పుకే, పిచ్చిదానా."

"అయితే రేపు ఫొటోలో చూపిస్తా."

"సరేలే" అన్నాడు. అంత తొందరగా ఒప్పుకునే మనిషి కాదు. ఆ సంగతి అప్పుడు ఆమెకు తట్టలేదు.

బస్సు దిగి తమ వీధిలోకి తిరిగేసరికి లోకమంతా తెల్లబడిపోయింది. చప్పుడు లేదు. స్తంభాల నీడలు, మనుషుల నీడలు, ఆమె నీడ, అన్నీ గోడలమీద పాకుతూ ఒక పక్కనుంచి ఇంకో పక్కకు జారిపోయాయి. కుక్కలు సైతం మొరగలేదు. ఆ తర్వాతెప్పుడో ఆకాశంలో పెద్ద తలుపు వేసినట్టు మోత. జనం ఈలలు వేశారు, "చూశావా, చూశావా" అని ఒకరినొకరు కుదిపేసుకున్నారు. చుక్కలమ్మ ఆ వెలుగువైపు చూడనే లేదు. ఆమె తమ మేడ వైపు చూస్తోంది. పిట్టగోడమీద ఒక తల. ఇన్ని నీడలు ఇటునుంచి అటు పోయినా ఆ తల మాత్రం కదల్లేదు.

పరుగున ఎక్కింది. ట్యాంకు దగ్గర మిగిలిన ఇటుకల మీద కూర్చుని, గోడకు గడ్డం ఆనించి, పడమటికే చూస్తున్నాడు. చేయి పట్టుకుంది. ఇంకా వెచ్చగానే ఉంది, ఊపిరి మాత్రం లేదు. "ఏమండీ... చూశారా?" అంది. ఆ ఒక్కటీ తెలిస్తే చాలనిపించింది. వెలుగు వచ్చాక పోయాడో, రాకముందే పోయాడో ఎవరు చెప్తారు? అక్కడే కూలబడి ఏడ్చింది.

ఇరుగుపొరుగు నలుగురూ వచ్చి ఆయన్ని కిందికి దించారు. అందరూ దిగిపోయాక మెట్ల మలుపులో, ఎక్కేటప్పుడు ఊడిన ఆయన కుడికాలి చెప్పు ఒక్కటే మిగిలింది, ముక్కు పైమెట్టు వైపే పెట్టుకుని.