బల్ల కింద ప్రార్థన

నేను ఒక మూడు గిన్నెల స్టీలు క్యారేజీని. కింది గిన్నెలో అన్నం, మధ్య గిన్నెలో కూర, పై గిన్నెలో పెరుగు. మనుషులను నేను చూసేదల్లా మూత తీసిన ఆ కాసేపే. ఆకలి మీద ఉన్న మనిషి నటించలేడని చాలాకాలం నమ్మాను. బాపట్లలో ఒక క్రైస్తవ కుటుంబం చేతిలో పడ్డాక ఆ భ్రమ వదిలింది.

విజయవాడలో ఒక రేకుల షెడ్డులో నన్ను కోసి, వంచి, అచ్చులో పెట్టి నొక్కి, మెరుగు చక్రానికి ఆనించి ఒళ్ళంతా గీకారు. అదే పుట్టుక. ఆ తర్వాత బాపట్లలో ఆశీర్వాదం గారి పెళ్ళికి బహుమతిగా ఇవ్వడానికి వాళ్ళ చర్చి ఆడవాళ్ళు నన్ను కొన్నారు. వస్తువు మీద ఇచ్చినవాళ్ళ పేరు చెక్కించకపోతే మనవాళ్ళకు ఇచ్చినట్టే ఉండదు కదా! కొట్టువాడు నా పొట్ట మీద చిన్న సిలువ గుర్తూ, దాని కింద పెద్ద అక్షరాలతో ‘స్త్రీల సమాజం కానుక’ అనీ చెక్కాడు. సిలువ ఎంత ఉందో సమాజం దానికి రెండింతలుంది.

ఆశీర్వాదం గారు నీటిపారుదల ఆఫీసులో గుమాస్తా. ఆదివారం చర్చిలో మైకు అందితే చాలు, ప్రభువు కోసం సింహాల గుహలోకైనా దూకుతానని సాక్ష్యం చెప్పేవారు. సోమవారం మధ్యాహ్నం నన్ను బల్ల మీద పెట్టేటప్పుడు మాత్రం సిలువ వైపును తన పొట్టకేసి తిప్పుకునేవారు. చేతులు కడుక్కునే నెపంతో కుళాయి దగ్గరకు వెళ్ళి, నీళ్ళ చప్పుడులో భోజన ప్రార్థన కానిచ్చుకుని వచ్చేవారు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ నవ్వలేదు. ఆ ఆఫీసులో సింహాలు కూడా లేవు. ఉన్నది ఒక్క సూపరింటెండెంటు, ఆయనకూ షుగరు.

కొడుకు తీతు ఇంటర్లో చేరగానే నన్ను వాడికిచ్చి, ఆయన ప్లాస్టిక్ డబ్బాకు మారారు. తీతు చేసిన మొదటి పని నా సిలువ మీద క్రికెట్ జట్టు స్టిక్కరు అంటించడం. తండ్రి తిప్పి దాచాడు, కొడుకు కప్పి దాచాడు. వంశం వృద్ధిలోకి వచ్చిందనుకున్నాను.

కాలేజీలో రేకుల పంచ కింద పొడవాటి బల్ల ఉంది. ఇటు మగపిల్లలు, అటు ఆడపిల్లలు కూర్చుని తింటారు. ఆ బల్లకు రాజు కౌశిక్. వాడికి మతభేదం లేదు. శనివారం ఉపవాసం ఉన్నవాణ్ణి ‘స్వామీజీ’ అని ఏడిపిస్తాడు, రంజాను నెలలో నీళ్ళు తాగనివాడి ముందు కూల్‌డ్రింకు ఊపుతాడు. వాడి పక్కన చోటు దొరకడమంటే కాలేజీలో మనిషిగా లెక్క. పదో తరగతి దాకా ఒంటరిగా ఓ మూల కూర్చుని తిన్న తీతుకు ఆ చోటు దొరికింది. దాని కోసం వాడు ఏమైనా చేస్తాడు.

అయితే ప్రార్థన చెయ్యకుండా ముద్ద మింగుడు పడదు. చిన్నప్పటినుంచీ అలవాటు. అందుకని ఒక ఉపాయం కనిపెట్టాడు. నా మూత తియ్యగానే చెంచా కింద పడేసేవాడు. “అరె” అని వంగి, బల్ల కింద కళ్ళు మూసుకుని, ప్రార్థన ముగించి, చెంచాతో పైకి లేచేవాడు. ఇలా రోజూ. భూమ్మీద ఇంత భక్తిగల చెంచా మరొకటి ఉండదు. పాపం, దానికి వంటినిండా సొట్టలు.

అలా సాగుతుండగా కెజియా అనే పిల్ల కొత్తగా చేరింది. సూర్యలంక దగ్గర చేపలు పట్టేవాళ్ళ అమ్మాయి. వచ్చిన రోజే తీతుకు ఎదురుగా కూర్చుని, డబ్బా తెరిచి, చేతులు జోడించి, నలుగురిలో కళ్ళు మూసుకుంది. ఆమె కళ్ళు తెరిచేసరికి వంజరం చేప వేపుడు ముక్క మాయమైంది.

“ఏంది, దేవుడు కనపడ్డాడా?” అన్నాడు కౌశిక్, బుగ్గ ఉబ్బించుకుని.

“కనపడ్డాడు. ముల్లు చూసుకుని తినమన్నాడు నిన్ను,” అంది.

బల్లంతా నవ్వింది. రాజుగారి ముఖం మాడిపోయింది. ఆ రోజునుంచీ అదొక ఆటైపోయింది. ఆమె కళ్ళు మూస్తే చేతులు లేచేవి. ఒకడు ‘ఆమెన్’ అని మేకలా అరిచేవాడు. పక్కనున్న ఆడపిల్లలే, “ఇంట్లో చేసుకుని రావచ్చుగా, మా పరువు పోతాంది” అని జరిగి కూర్చున్నారు. కెజియాకు బాధ లేదనుకోకండి. కానీ మర్నాడు మళ్ళీ కళ్ళు మూసేది. నవ్వేవాళ్ళలో మా తీతు గొంతు కొంచెం గట్టిగానే వినిపించేది. భయపడేవాడి నవ్వుకు ఎప్పుడూ శబ్దం ఎక్కువ.

ఒకరోజు నన్ను కడుగుతుంటే కుళాయి దగ్గర ఆమె వాడి పక్కన నిలబడింది.

“తీతూ, నీ చెంచా రోజూ అదే టైముకి పడుద్దేం?”

వాడి చేతిలో నేను జారిపోబోయాను.

“ఎవరికీ చెప్పమాక,” అన్నాడు.

“నేనెందుకు చెప్తా? చెప్పాల్సింది నేను కాదుగా.”

అంతే. వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది వాడికి.

మర్నాడు కౌశిక్ ఆజ్ఞ వేశాడు. “అందరం తీశాం, నువ్వే మిగిలావు. ఇయ్యాల ఆ పిల్ల కళ్ళు మూసుకోగానే డబ్బా మొత్తం నువ్వే లాగాలి. లేకపోతే రేపట్నుంచి మా పక్కన కూర్చోమాక.”

కెజియా కళ్ళు మూసుకుంది. తీతు నా మూత తీశాడు. చెంచా చేతిలోకి తీసుకున్నాడు. కింద పడేస్తాడనుకున్నాను. పడెయ్యలేదు, నా పక్కన మెల్లగా పెట్టాడు. అందరూ ఆమె డబ్బా వైపు చూస్తుంటే వాడు చేతులు జోడించి, కళ్ళు మూసి, కప్పలా బొంగురుపోయిన గొంతుతో “పరలోకమందున్న తండ్రీ” అన్నాడు. సింహాల గుహలో దూకడం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఆ గొంతులో మైకు లేదు. నాకు గర్వంగా అనిపించింది, దాచుకోవడమెందుకు?

“ఒరేయ్, నువ్వూనా! టోపీ పెట్టావుగదరా మాకు!” అని కౌశిక్ అరిచాడు. ఆ తర్వాత ఐదారు చేతులు నా మధ్య గిన్నెలో పడ్డాయి. వాళ్ళమ్మ సలోమి గారు పొద్దున్నే లేచి వండిన కోడివేపుడు ‘ఆమెన్’కు ముందే ఖాళీ అయింది. కరివేపాకు మిగిల్చారు, ఎంతైనా చదువుకునే పిల్లలు.

కళ్ళు తెరిచి వాడు నా ఖాళీ గిన్నె చూశాడు. కెజియా సగం చేప ముక్క నా మూతలో పెట్టి, “మొదటి రోజు గదా, తెలవదు. రేపట్నుంచి ముక్కలు అన్నం కింద దాచుకో,” అంది.

చోటు పోయింది. క్రికెట్ ఆటకు పిలవడం మానేశారు. ‘పాస్టరు గారు’ అనే పేరు కాలేజీ వదిలేదాకా వదల్లేదు. అద్భుతాలేవీ జరగలేదు. ఆ సాయంత్రం వాడు స్టిక్కరు గీకితే జిగురు మచ్చ మాత్రం ఉండిపోయింది. సలోమి గారు చింతపండుతో తోమినా పోలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర తీతు, “నాన్నా, ఆఫీసులో నువ్వు ఎక్కడ చేత్తావు ప్రార్థన?” అని అడిగాడు.

“అన్నం చల్లారిపోతాంది, తిను,” అన్నారు సాక్ష్యాల ఆశీర్వాదం గారు.

తీతు ఇంజినీరింగ్ హాస్టలుకు వెళ్ళాక నేను మళ్ళీ ఆఫీసుకు వచ్చాను. అలవాటు ప్రకారం ఆయన సిలువను తనవైపుకు తిప్పుకున్నారు. తిప్పితే జిగురు మచ్చ కనిపించింది. దాన్ని గోటితో గీకుతూ చాలాసేపు కూర్చున్నారు. కుళాయి దగ్గరకు వెళ్ళి చేతులు కడుక్కున్నారు. ఈసారి నీళ్ళు వెంటనే కట్టేసి, వచ్చి, తడి చేతులు జోడించి బల్ల దగ్గరే కళ్ళు మూసుకున్నారు.

“ఏమండీ, తలనొప్పా?” అన్నాడు సూపరింటెండెంటు.

అవునంటే సరిపోయేది. ఎంత చక్కటి అవకాశం!

“కాదండీ, ప్రార్థన,” అన్నారు.

ఆయన కళ్ళు తెరిచేసరికి నా కూర గిన్నె పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆ ఆఫీసులో చెయ్యి చాపేవాళ్ళు లేక కాదు. ఆ రోజు కూర కాకరకాయ.