జోడీ విప్పని ఇంజను

క్లెయిటన్ యోస్ట్ కంటికి భూతద్దం తగిలించుకుని, జానెడు బొమ్మ ఇంజను పొట్టలో వెంట్రుకంత తీగని అతికిస్తున్నాడు. తీగ జారింది. తిట్టుకునే ఓపిక కూడా లేక, టంకం పొగ పక్కకి ఊది మళ్లీ మొదలుపెట్టాడు.

అమెరికాలోని అల్టూనా ఊళ్లో రైలుబొమ్మలమ్మే ఆ దుకాణం వెనకగదిలో ఆయన బల్ల ఉంది. బూట్ల ఫ్యాక్టరీ మూతపడ్డాక వచ్చి ఈ బల్ల ముందు కూచున్నాడు, కూచున్నవాడు కూచున్నట్టే ముసలాడైపోయాడు. మెడ ముందుకి వంగిపోయింది. వేళ్ల చివర్లు కాలి కాలి గట్టిపడి, వేడి కాఫీకప్పు పట్టుకున్నా తెలియవు. పెళ్లి చేసుకోలేదు. లాండ్రీ దుకాణం మీద ఒక గది, అందులో పట్టాలు పరుచుకునే చోటు లేదు. ఊరందరి ఇంజన్లూ బాగుచేసే మనిషికి సొంతానికి ఉన్నది ఒకే ఒక్కటి.

"పెద్దాయనా, నీ కోసం లొరెట్టా వచ్చింది," అని దుకాణం యజమాని రాండీ కేకేశాడు.

లొరెట్టా, క్లెయిటన్ స్నేహితుడు డ్వేన్ హ్రబాక్ భార్య. నైటీ మీదే కోటు తొడుక్కుని వచ్చింది. తువ్వాల్లో చుట్టిన ఇంజనుని పసిపిల్లని దించినట్టు బల్ల మీద దించింది.

"ఇది చచ్చిపోయింది క్లెయిటన్. మొన్న నువ్వు డ్వేన్ మంచం పక్కన వేసిచ్చావే, ఆ పట్టాల మీదే పెట్టాడు. నంబరు నొక్కుతాడు, మీట తిప్పుతాడు, ఊహూఁ. 'నాకంటే ముందు ఇదే పోయిందే' అని పొద్దున్న ఏడ్చాడు. ఇన్నేళ్ల కాపరంలో ఆయన ఏడవడం నేను చూళ్లేదు."

"ఎలా ఉన్నాడు?"

"ఇవాళో రేపో అన్నట్టున్నాడు. నర్సు నా మొహంలోకి చూడట్లేదు."

"ఇక్కడ పెట్టి వెళ్లు. సాయంత్రం నేనే తెస్తా."

"మందులు తీసుకుని ఇంటికి పోతాను మరి. ఏమన్నా తిన్నావా నువ్వు?"

"తింటాలే."

ఆమె వెళ్లాక ఇంజనుని పట్టా మీద పెట్టి కంట్రోలరులో దాని నంబరు నొక్కాడు. కదల్లేదు. దీపమైనా వెలగలేదు. అప్పుడు క్లెయిటన్‌కి అర్థమైంది, తప్పు తనదేనని.

మంగళవారం మంగళవారం ఫైర్ స్టేషన్ కింది గదిలో రైలుబొమ్మల క్లబ్బు. స్కూలు బస్సు తోలి తోలి నడుం పట్టేసిన డ్వేన్ తన ఇంజను తెచ్చేవాడు, క్లెయిటన్ తనది తెచ్చేవాడు. రెండిటికీ జోడీ కట్టేవాళ్లు. క్లెయిటన్‌ది ముందు, డ్వేన్‌ది వెనక్కి తిరిగి దాని వెనక. కట్టాక రెండిటికీ కలిపి ఒకటే నంబరు, ఒకటే మీట. అలా కట్టాలంటే ముందు వాటి నడక కలవాలి, లేకపోతే ఒకటి లాగుతుంది, ఇంకోటి ఈడుస్తుంది. నడక కలపడానికి ఒక చలికాలం పట్టింది.

"నీ ఇంజనూ నీలాగే, లేవడానికి బద్ధకం," అనేవాడు డ్వేన్.

"నీదీ నీలాగేరా. రివర్సులో తప్ప నడవదు."

నడక కలిశాక మాత్రం క్లబ్బు పట్టాల్లోని కొండమలుపు మీదికి బొగ్గు బండ్లు ఎన్ని తగిలించినా రెండూ కలిసి ఎక్కేవి. వారానికి ఆ ఒక్క పూట క్లెయిటన్ నడుం నొప్పి మర్చిపోయేవాడు.

ఇంటికి పోయేముందు జోడీ విప్పాలి. విప్పకపోతే ఆ కట్టు ఇంజను లోపలి చిప్పులో అలాగే ఉండిపోతుంది. ఇక సొంత నంబరుతో ఎంత పిలిచినా పలకదు, జోడీ నంబరుకే పలుకుతుంది. కొత్తవాళ్లు ఇది తెలియక మంచి ఇంజన్లని చచ్చాయనుకుని దుకాణానికి తెస్తారు. డ్వేన్‌కి బటన్లతో పడదు, విప్పే పని ఎప్పుడూ క్లెయిటన్‌దే. ఆ ఆఖరి మంగళవారం డ్వేన్‌కి దగ్గు తెర ఆగకుండా వచ్చింది. కోటు తొడిగి, జబ్బ పట్టుకుని కారెక్కించే కంగారులో క్లెయిటన్ విప్పడం మర్చిపోయాడు.

నాలుగు బటన్లు నొక్కాడు. కట్టు విడిపోయింది. సొంత నంబరు నొక్కగానే దీపం వెలిగి ఇంజను గునగునా నడిచింది.

కిటికీలోంచి చూస్తే లొరెట్టా కారు ఇంకా ఎదురుగా మందుల షాపు ముందే ఉంది. గట్టిగా పిలిస్తే వినపడుతుంది. క్లెయిటన్ పిలవలేదు. పిలిస్తే తప్పు నాదేనని చెప్పాలి, అదొకటి. అంతకంటే, సాయంత్రం తన ఇంజను కూడా పట్టుకెళ్లి, ఆ చిన్న పట్టాల మీదే జోడీ కట్టి, మీట డ్వేన్ చేతిలో పెట్టాలనిపించింది. ఒక్కసారి చాలు. ఇంత గట్టిగా ఏదైనా కోరుకుని ఆయనకి చాలా కాలమైంది. కారు వెళ్లిపోయింది.

శనివారం కావడంతో జనం తెరిపివ్వలేదు. చల్లారిన సూపు నిలబడే తాగాడు. ఇవాళ కాస్త ముందు పోతానని అడిగితే రాండీ కాదనడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు గనక ఎలా అడగాలో తెలియలేదు. దుకాణం కట్టేదాకా ఉండి, బల్ల తుడిచి, గదికెళ్లి తన ఇంజను కోటు జేబులో వేసుకుని బయల్దేరాడు.

లొరెట్టా తలుపు తీసింది. పొద్దుటి నైటీయే, పైన కోటు లేదు.

"మధ్యాహ్నం పోయాడు. ఇందాకే తీసుకెళ్లారు. ఫోన్ చేద్దామనుకున్నా, ఎలాగూ వస్తున్నావు కదా అని ఊరుకున్నా."

మంచం మీద తలగడ ఇంకా గుంటపడే ఉంది. పక్కన చెక్క మీద పట్టాలు, దుప్పటి మీద కంట్రోలరు, దాని పచ్చదీపం వెలుగుతూనే ఉంది.

"ఏమైందటా దానికి?" అంది లొరెట్టా.

"ఏం కాలేదు. నేనే జోడీ విప్పడం మర్చిపోయా. నువ్వు కారెక్కకముందే బాగైపోయింది. అప్పుడే పిలిచి ఇచ్చేయాల్సింది. ఇవ్వలేదు."

ఆమె తిట్టినా బాగుండుననిపించింది క్లెయిటన్‌కి.

"సాయంత్రం నువ్వు తెస్తావని చెప్పా. అయితే ఆగుతానన్నాడు," అంది. "కరెంటు తీయనివ్వలేదు నన్ను. ఊరికే దాని నంబరు నొక్కుతూ, ఆ మీట తిప్పుతూ పడుకున్నాడు. పెట్టు, ఒకసారి చూస్తా."

క్లెయిటన్ మోకాళ్ల మీద కూచుని ఇంజను చక్రాలు పట్టా మీద ఆనించాడు. ఇంకా వేళ్లు తియ్యలేదు, కంట్రోలరు ముట్టుకోలేదు. ఇంజను వేళ్ల మధ్యనించి మెల్లగా జారి ముందుకి నడిచింది. ఆయన దుప్పటి వైపు చూశాడు. మీట సగం తిరిగి ఉంది.

ఇద్దరూ దాన్ని ఆపలేదు. ఖాళీ మంచం పక్కన ఆ ఇంజను, డ్వేన్ తిప్పి వదిలేసిన వేగంతోనే, దీపం వెలిగించుకుని తిరుగుతూ ఉంది.