వెనక గోడ నుంచి వచ్చిన గొంతు

మా చెల్లెలి అల్లుడు మిలెన్‌కు "పాతబడిపోయింది" అనే మాట మీద అపారమైన నమ్మకం. బతికున్న మనుషుల మీద కూడా అతడు దాన్ని వాడగా విన్నాను. శనివారం సాయంత్రం మా ముందుగదిలోని అయిదు స్పీకర్ల మీద ప్రయోగించాడు.

అతని తీర్పు ప్రకారం వెనక గోడకున్న రెండు స్పీకర్లూ చచ్చిపోయాయి, మధ్యది మూగబోయింది, పదిహేడేళ్ల నాటి ఆంప్లిఫయర్‌కు కొత్త పరికరాల భాష తెలియదు. కనుక ఆదివారం భోజనాల తరవాత టీవీ కింద పెట్టే పొడవాటి స్పీకర్ ఒకటి తెచ్చి బిగిస్తాడు. పాత సరంజామా అంతా డాన్యూబ్ ఒడ్డున చేపల హోటల్ నడిపే తన స్నేహితుడికి చేరుతుంది. మాట కూడా ఇచ్చేశాడు. చచ్చిన స్పీకర్లతో హోటలువాడికి ఏం పని అని నేను అప్పుడే అడిగి ఉండవలసింది.

మా చెల్లెలు దోన్కాకు చూపు పోయి నాలుగేళ్లయింది. కిటికీ ఎటుందో తెలుస్తుంది, అంతే. ఆమె మనవరాలు, అంటే ఈ మిలెన్ కూతురే, ఇస్క్రా, ప్లొవ్‌దివ్‌లో సంగీత పాఠశాలలో చదువుతున్నది. ఈ వసంతంలో అక్కడి ఒక పాత చర్చిలో వాళ్ల బృందం పాడింది. బృందమంతా ఎదుట నిలబడితే, ఇస్క్రా ఒక్కతే శ్రోతల వెనక, పై వసారాలో నిలబడి పాడింది. రేడియోవాళ్లు ముందూ వెనకా మైకులు పెట్టి రికార్డు చేసి, అయిదు స్పీకర్లకూ సరిపోయేలా తమ యాప్‌లో ఉంచారు. "అమ్మమ్మా, నేను నీ వెనక నుంచి పాడతాను, విను" అని పిల్ల ఫోనులో చెప్పింది. దోన్కా మూడు వారాలుగా ఆ మాటనే పట్టుకుని కూర్చుంది.

యాప్ ఆడించడానికి అరచేతిలో పట్టే స్ట్రీమింగ్ పెట్టెను కొని తెచ్చినవాడు మిలెనే. ఆ ఉపకారాన్ని నేను కాదనను. దాన్ని టీవీకి తగిలించాడు. టీవీ నుంచి ఆంప్లిఫయర్‌కు ఒక సన్నని నల్ల తీగ వేయబోయాడు. అది కాంతితో ధ్వనిని మోసే తీగ. రెండు చివరలా బిగుసుకోలేదు. సాకెట్లు అరిగిపోయాయని ప్రకటించి, దాన్ని పక్కన పడేసి, ఎరుపు తెలుపు మొనలున్న మామూలు జంట తీగ వేశాడు. పాట వచ్చింది. ముందున్న రెండు స్పీకర్ల నుంచి, కుప్ప పోసినట్టు, అన్ని గొంతులూ ఒక్కచోట.

దోన్కా చివరిదాకా విన్నది. తరవాత మెల్లగా అడిగింది.

"ఇందులో మన పిల్ల ఎక్కడుందే అక్కా?"

"అన్నీ కలిసే వస్తాయి అత్తయ్యా. ఇప్పుడంతా ఇంతే," అన్నాడు మిలెన్.

నేను రూసే నగర గ్రంథాలయంలో నలభై ఒక్క సంవత్సరాలు సంగీత విభాగం చూశాను. "ఇప్పుడంతా ఇంతే" అన్నవాడు సాధారణంగా ఆ విషయం గురించి ఒక్క పుటా చదవలేదని అక్కడే తెలుసుకున్నాను. ఆదివారం ఉదయం అలమరలోంచి ఆంప్లిఫయర్‌తో వచ్చిన పుస్తకం తీశాను. జర్మన్‌లో ఎనభై నాలుగు పుటలు. ఇంట్లోకి వచ్చిన నాటి నుంచి ఎవరూ దాని వెన్ను వంచలేదు.

ముప్పై ఒకటవ పుటలో ఒక పరీక్ష ఉంది. మీట నొక్కితే ఆంప్లిఫయర్ తనంతట తానే ఒక్కో స్పీకర్‌కూ వరసగా చిన్న బుసను పంపుతుంది. దోన్కాను సోఫా మధ్యలో కూర్చోబెట్టి నొక్కాను. ఆమె చూపుడువేలు గదంతా తిరిగింది. ఎడమ, మధ్య, కుడి, తన వెనక కుడి, తన వెనక ఎడమ. అయిదూ బతికే ఉన్నాయి. మరణ ధ్రువీకరణ పత్రం రాసినవాడు శవాన్ని చూడలేదన్నమాట.

మధ్యాహ్నం మిర్చిలో బియ్యం కూరి వండిన కూర రెండు మార్లు వడ్డించుకుని తిని, మిలెన్ స్క్రూడ్రైవర్ తీశాడు. పొడవాటి స్పీకర్ పెట్టె గుమ్మం దగ్గర ఉంది. అతడు వెనక గోడ దగ్గర స్టూలు వేసుకుంటుంటే ఆపాను.

"అరగంట ఆగు."

"పెద్దత్తయ్యా, నాకు బండి మీద సామాను ఎక్కించే పనుంది. మీకెందుకు ఈ తీగల గోల? హాయిగా పుస్తకం చదువుకోండి."

చదివాననే చెప్పాను. పక్కన పడేసిన నల్ల తీగను కిటికీ దగ్గరికి తీసుకువెళ్లి, భూతద్దం కింద పెట్టాను. రెండు మొనల మీదా బియ్యపు గింజంత ప్లాస్టిక్ తొడుగు, గాజులా పారదర్శకంగా ఉంది. గోటితో లాగితే రెండూ ఊడి వచ్చాయి. ఒకదాన్ని మిలెన్ అరచేతిలో పెట్టాను.

అతడు దాన్ని కొంతసేపు చూశాడు. తొడుగు ఉన్నదని నిన్ననే తెలుసునన్నాడు. సిగ్గుపడకుండా చెప్పాడు.

"అత్తయ్యగారే తీయొద్దన్నారు, దుమ్ము పడుతుందని."

అది నిజమే. దోన్కా వేళ్లతో తడిమి మరీ ఆ మాట అన్నది. ఈ కుటుంబంలో కొత్త వస్తువు మీది కవరు తీయడం అపచారం. మా ఫ్రిజ్ తలుపుకు తొమ్మిదేళ్లుగా కొట్లో అతికించిన ప్లాస్టిక్ పొర ఉంది. రిమోట్‌ను నైలాన్ సంచీలో వేసి రబ్బరు బ్యాండు కట్టి వాడతారు. మిలెన్ కారు సీట్లకూ అదే గతి. కాంతి వెళ్లవలసిన దారికి కూడా మూత ఉంచి, అది బిగుసుకోవడం లేదని సాకెట్‌ను నిందించగలవాళ్లు మావాళ్లు తప్ప మరొకరు ఉండరు.

"దుమ్ము పడుతుందన్నానే కానీ," అన్నది దోన్కా సోఫాలోంచి, "బుర్ర తీసి పక్కన పెట్టమన్నానా నాయనా?"

ఎరుపు తెలుపు జంట తీగను లాగేశాను. కాంతి తీగ రెండు వైపులా టిక్కుమని కూర్చుంది. ఆంప్లిఫయర్‌ను ఆ దారికి మార్చి పాట పెట్టాను. వచ్చింది. మళ్లీ ముందు రెండింటి నుంచే.

మిలెన్ నవ్వలేదు, నవ్వును దాచుకున్నాడు. అది ఇంకా అవమానం. స్క్రూడ్రైవర్ మళ్లీ అతని చేతిలోకి వచ్చింది.

"ఇక వదిలెయ్యండి పెద్దత్తయ్యా. పాతబడిపోయింది."

"నలభై ఏడవ పుట," అన్నాను.

ఆ పుటలో ఉన్నది ఇది. ఈ తీగ సన్నది. ధ్వనిని విప్పి పంపితే రెండు వరసలు మాత్రమే ఇందులో పడతాయి. మూట కట్టి పంపితే అయిదూ పడతాయి. మూట విప్పడం ఆంప్లిఫయర్ పని, దానికి ఆ విద్య పుట్టుకతోనే వచ్చు. కట్టకుండా, ముందే విప్పి రెండింటినే పంపుతున్నది టీవీ. ఎవరూ దానికి వేరే ఆజ్ఞ ఇవ్వలేదు గనుక.

టీవీ మెనూ తెరిచి, ధ్వని బయటికి వెళ్లే పద్ధతి అన్న చోట చూశాను. రెండు వరసలు అని ఉంది. దాని కింద డాల్బీ అని ఉంది, మూట కట్టే పద్ధతి పేరు అదే. నైలాన్ మీది నుంచి మీట మూడు సార్లు నొక్కవలసి వచ్చింది. తరవాత స్ట్రీమింగ్ పెట్టెలోనూ అదే మార్చాను.

ఆంప్లిఫయర్ ముందు వైపు చిన్న తెరలో అంతవరకు రెండే గళ్లు వెలుగుతున్నాయి. ఇప్పుడు అయిదు వెలిగాయి.

పాట మొదటికి తెచ్చాను. ఎదుట బృందం అందుకున్నది, తక్కువ స్థాయిలో, నేల నుంచి లేచినట్టు. అది ఆగింది. ఒక్క క్షణం చర్చి ఖాళీ వినిపించింది. అప్పుడు మా వెనక నుంచి, పుస్తకాల బీరువాకు పైన, ఒకే ఒక్క గొంతు వచ్చింది.

దోన్కా తల తిప్పింది. నాలుగేళ్లలో ఆమె దేనివైపైనా అంత సూటిగా తిరగడం నేను చూడలేదు.

"అక్కడుంది," అన్నది. "పైన నిలబడింది. కొంచెం ఎడమకి."

లేచి, చేతులు చాపుకుని, ఎవరి సాయమూ లేకుండా వెనక గోడ దాకా నడిచింది. అరచేయి గోడకు ఆనించి, మొహం పైకెత్తి నిలబడింది. ఎదుటి బృందం బదులు పాడితే ఆమె తల అటు తిరిగింది. పిల్ల మళ్లీ అందుకుంటే ఇటు తిరిగింది. ఎవరు ఎక్కడున్నారో ఆ గదిలో ఆమెకే అందరికన్నా బాగా తెలుస్తున్నది.

మిలెన్ స్టూలు మీద కూర్చుండిపోయాడు. అది తన కూతురి గొంతని అతనికీ అప్పుడే తెలిసినట్టుంది. జేబులో ఫోను మోగింది. చేపల హోటలువాడు. సామాను ఎప్పుడు వస్తుందని అడిగినట్టున్నాడు.

"రాదు," అన్నాడు మిలెన్ నెమ్మదిగా. "ఏదీ రాదు. అన్నీ పనిచేస్తున్నాయి."

అతడిని అనవలసినవి చాలా ఉన్నాయి, అన్నీ వరసలో సిద్ధంగానే ఉన్నాయి. కానీ దోన్కా గోడ దగ్గర నుంచి, వెనక్కి తిరగకుండానే, సౌండ్ ఇంకా పెంచమన్నది.

పెంచాను.