పెట్టెకు వేడి వైపు

ఫినాయిలు నీళ్ళతో శవాల ఫ్రీజరు పెట్టెను తోముతుండగా పేతురుకు తొండూరు వైపు పల్లె నుంచి కబురొచ్చింది. ఓబుళరెడ్డి పోయాడు. పార్టీ పెద్ద కడచూపుకు మర్నాడు గానీ రాలేడు. అందాకా రెడ్డి చెడిపోకూడదు.

పేతురు బక్కపలచని ముసలాయన. మోకాళ్ళు ముందు నడిస్తే ఒళ్ళు వెనకాల వచ్చినట్టుండేది. ముద్దనూరులో పెట్టెను బాడుగకిచ్చే షరీఫ్ దగ్గర పనికి చేరాక పెళ్ళిళ్ళకు అతన్ని పిలవడం మానేశారు. ఈమధ్య ఎండలు ముదిరి పెట్టెకు తీరికే లేదు. ఆదివారం చర్చిలో అతని పక్కన కూర్చోవడానికి అతనికన్నా ముసలివాళ్ళు జంకేవారు.

పెట్టెను టెంపోలో ఆ పల్లెకు చేర్చి, రెడ్డిని అందులో పడుకోబెట్టి స్విచ్చి వేశాడో లేదో కరెంటు పోయింది. ఊళ్ళో ఉన్న ఒక్క జనరేటరూ ఎదుటి పార్టీ చెండ్రాయుడిది. ఆ రెండిళ్ళూ ఏళ్ళ తరబడి బాంబులు తప్ప మరేమీ ఇచ్చిపుచ్చుకోలేదు. పేతురే వెళ్ళి అడిగాడు. చెండ్రాయుడు జనరేటరు తోలించుకొని తనే వచ్చి, దాన్ని స్టార్టు చేసే తాడు లాగబోతూ ఆగాడు.

"కొండమీద చెట్లన్నీ కొట్టి బొగ్గు కాల్పిచ్చిందెవురు? మీ నాయనే గదా! ఈ ఎండలకు ఆయప్పే కారణమని ఒప్పుకో, లాగుతా" అన్నాడు రెడ్డి కొడుకు గంగిరెడ్డితో.

"నీ బోర్లు నేలలో తడి మిగల్నిచ్చినాయా? నువ్వొప్పుకో ముందు!"

రెండు పక్కలా చేతులు నడుముల దగ్గరికి పోయాయి. పేతురు పెట్టె పైఅద్దంలోకి తొంగిచూశాడు.

"అప్పా, ఎవురు జేసిందో నిదానంగా తేల్చుకుందురు గానీ, లోపల రెడ్డికి సెమట పడతాంది."

చెండ్రాయుడు తాడు లాగాడు.

కాసేపటికి అద్దం చల్లబడింది. బయట నిప్పులు కురుస్తున్నాయి. దుఃఖం పేరు చెప్పి ఒక్కొక్కరే వచ్చి పెట్టెను వాటేసుకోసాగారు. చెండ్రాయుడైతే "అన్నా!" అంటూ చెంప ఆనించి ఎంతకీ లేవలేదు.

"ఇంక సాలు లేప్పా" అన్నాడు గంగిరెడ్డి. "నాకూ రవ్వంత ఏడ్సే జాగా ఇయ్యి."

పెట్టె వెనక మోటారు మాత్రం సెగ కక్కుతోంది. అటు మీరు కూర్చోండంటే మీరు కూర్చోండని మళ్ళీ వాదులాట మొదలైంది.

"నేనుంటాలే. మోటారును ఎవురో ఒకరు సూసుకోవాల గదా" అని పేతురు అక్కడ చతికిలబడ్డాడు.

పొద్దు వాలుతుండగా మాటలు కాస్త మెత్తబడ్డాయి. కొండమీద మళ్ళీ చెట్లు నాటాలన్నారు. అందరూ సరేనన్నారు. ఆ వనానికి ఎవరి నాయన పేరు పెట్టాలన్న దగ్గర గొంతులు లేచాయి.

"పేతురు మామనడుగుదాం. ఆయనకు పార్టీ లేదు" అన్నాడు గంగిరెడ్డి. "మామా, నువ్వు జెప్పు!"

పేతురు పలకలేదు. నిద్రపోయాడనుకొని గంగిరెడ్డి వెళ్ళి భుజం తట్టాడు. ఒళ్ళు కాలిపోతోంది. ఊపిరి లేదు.

ఉన్న పెట్టె ఒక్కటే. అందులో రెడ్డి ఉన్నాడు. గంగిరెడ్డి తలవైపు, చెండ్రాయుడు కాళ్ళవైపు పట్టుకొని పేతురును టెంపోలో పడుకోబెట్టి, ముద్దనూరులో అతని భార్య సుశీలమ్మ దగ్గరికి పంపారు. తప్పు ఎవరిదని ఈసారి ఇద్దరూ అడగలేదు.

రెడ్డి భార్య తిరుపాలమ్మ లేచి, పేతురు కూర్చున్న చోటికి వచ్చింది. సెగ తగిలేలా మోటారుకు ఆనించి పెట్టుకున్న అన్నం క్యారేజీ అక్కడే ఉంది. మూత తీసి చూసింది. సంగటి ఇంకా పొగలు కక్కుతోంది.