సగం పాట

మా మావయ్యగారు ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సు నడిపారు. ఐదేళ్ళ క్రితం స్టీరింగు వదిలారు, మర్నాటి నుంచి సీడీ ప్లేయరు పట్టుకున్నారు. పొద్దున్న తొమ్మిదికి ఆయన మీట నొక్కితే హాల్లో అల్మరా మీదున్న రెండు స్పీకర్లూ గోడలు అదరగొట్టేవి.

ఈ ఏడాది నుంచి పక్కగదిలోనే నా ఉద్యోగం. డాక్టర్లూ రోగులూ మాట్లాడుకున్న రికార్డింగులు హెడ్‌ఫోన్స్‌లో విని, ఒక్క ముక్క పోకుండా టైపు చేయాలి. మందు మోతాదు చెప్పే చోట హాల్లో డోలు మోగితే నేనేం టైపు చేయను? పోయిన నెల రెండు తప్పులు దొర్లాయి. మూడోది దొర్లితే ఇంకొకరిని చూసుకుంటామని మా సూపర్‌వైజరు మర్యాదగానే చెప్పింది.

"మావయ్యా, కాస్త తగ్గించండి" అని వెళ్ళి చెబితే ఉలకరు, పలకరు. భోజనాల బల్ల దగ్గర పక్కనే కూర్చుని ఏదైనా అడిగినా అంతే. నాలుగేళ్ళ కాపురంలో ఆయన నా మాటకి బదులిచ్చిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కోడలి మాటంటే ఇంత చులకనా అని ఒళ్ళు మండేది.

"మీ నాన్నతో మాట్లాడితే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది. ఆయనకి నేనంటే గిట్టదు. ఇలాగైతే వేరే ఇల్లు చూసుకుందాం" అన్నాను మా ఆయనతో. అడకత్తెరలో పోకచెక్క పాపం ఏమంటుంది? "నెలాఖరు దాకా ఆగుదాం" అన్నాడు.

సరే, ఆఖరి ప్రయత్నంగా నా జీతంతో మంచి హెడ్‌ఫోన్స్ కొని మావయ్య చేతిలో పెట్టాను. పెట్టుకున్నారు. ఇల్లు చల్లబడింది. నేను గెలిచాననుకున్నాను. మూడో రోజుకి అవి బల్ల మీద పడున్నాయి, ఆయన కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నారు. ఐదో రోజూ అంతే. స్పీకర్ల జోలికీ పోలేదు.

"ఏం నాన్నా, బాలేవా?" అని మా ఆయన అడిగాడు.

"బాగానే ఉన్నాయిరా. సగం పాటే వస్తోంది."

నేను పెట్టుకుని చూశాను. రెండు వైపులా లక్షణంగా వినిపిస్తోంది. కొట్టుకి తీసుకెళ్తే కొట్టతనూ విని, "వస్తువులో లోపం లేదమ్మా. కొంతమందికి ఇంటిల్లిపాదీ వింటేనే అది పాట" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మావయ్య కావాలనే వంక పెడుతున్నారని తేల్చేసుకున్నాను.

మర్నాడు పని తొందరగా అయింది. మంచినీళ్ళకని వెళ్తుంటే మావయ్య హెడ్‌ఫోన్స్‌తో కనిపించారు. కళ్ళు మూసుకుని, వినిపించే గొంతుతో పాటు చిన్నగా కూనిరాగం తీస్తున్నారు. పాట అయింది. హెడ్‌ఫోన్స్ తీసి, కుడిది ఎడమకి వచ్చేలా తిప్పి పెట్టుకుని, అదే పాట మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి పెదవులు కదల్లేదు. వేళ్ళు కుర్చీ చేతి మీద తబలా వాయిస్తున్నాయి.

నేను అక్కడే ఆగిపోయాను. నా రికార్డింగుల్లో డాక్టరు ఒక చెవిలో, రోగి ఇంకో చెవిలో మాట్లాడతారు. ఒక వైపు వైరు తెగితే సగం సంభాషణే మిగులుతుంది. ఆయన వినే పాత పాటల్లోనూ గొంతు ఒక వైపు, వాయిద్యాలు ఇంకో వైపు ఉంటాయి. ఈయనకి పనిచేసేది ఒక్క చెవే. ఒకే పాటని రెండు విడతలుగా విని, లోపల అతికించుకుంటున్నారు.

ఆయన హెడ్‌ఫోన్స్ తీశాక కుడివైపు నిలబడి, "మావయ్యా, టీ తాగుతారా?" అన్నాను. చలనం లేదు. వెనకనుంచి తిరిగి ఎడమవైపు వెళ్ళి, అంతకన్నా మెల్లగా అడిగాను.

"తాగుతానమ్మా. పంచదార కాస్త తగ్గించు."

"కుడిచెవి ఎప్పట్నుంచి మావయ్యా?"

కాసేపు వైరు చుట్టలు చుట్టారు. "ముప్పై ఏళ్ళు కిటికీ పక్కన రోడ్డు మీది హారన్లన్నీ విన్న చెవి కదమ్మా. ఆఖర్న మొత్తం పోయింది. అప్పుడు చెబితే బండి దింపేస్తారు. ఇప్పుడు చెబితే ముసలాడైపోయాడంటారు."

శంఖం సామెత గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను. నిజంగా సిగ్గేసింది.

ఆ సాయంత్రమే మా ఆయన చేత స్పీకర్లు దింపించాను. ఇన్నాళ్ళూ అవి మావయ్యకి కుడివైపు, గదికి ఆ చివర ఉండేవి! అక్కణ్ణుంచి ఆ ఎడమచెవికి చేరాలంటే గోడలు అదరక తప్పుతుందా? కుర్చీకి ఎడమపక్కన చిన్న బల్ల వేసి, రెండింటినీ చెవికి మూరెడు దూరంలో పెట్టాం. శబ్దం బాగా తగ్గించినా గొంతూ తబలా కలిసే వస్తున్నాయి. తలుపు వేసుకుంటే నా గదిలోకి చప్పుడే లేదు. హెడ్‌ఫోన్స్ నేనే పుచ్చుకున్నాను.

"అంతా వచ్చేసిందే!" అన్నారు మావయ్య. అదే పాట మళ్ళీ వేయమన్నారు.

భోజనాల దగ్గర, ఎప్పుడూ మావయ్యకి ఎడమవైపు కూర్చునే మా ఆయన్ని లేపి ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తోచక, "మీరు మొట్టమొదట నడిపింది ఏ రూటు మావయ్యా?" అని అడిగాను.

ఆయన నావైపు తిరిగి చూశారు. "నాలుగేళ్ళుగా నాతో ఒక్క మాటా మాట్లాడదేమిటా అనుకునేవాణ్ణి తల్లీ. నేనంటే నీకు గిట్టదనుకున్నా."

కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాను. "చెప్పండి మావయ్యా" అన్నాను.

ఏడో నంబరట. డిపో గేటు నుంచి మొదలుపెట్టి ఒక్కో స్టాపే చెప్పుకొచ్చారు. నేను ఏ స్టాపులోనూ దిగలేదు.