పద్నాలుగో ప్రశ్న

జనాభా లెక్కల మనిషి వస్తున్నాడని తెలిసిన రోజునుంచీ ఎర్మెలిందా ఇల్లిల్లూ తిరిగి ఒకటే మాట చెప్పింది. పద్నాలుగో ప్రశ్న దగ్గర నిజం చెప్పండి, అంతే. ఏ భాషలో చదవడం, రాయడం వచ్చని అడుగుతారు, మన కెక్చీలో వచ్చనండి. ఇరవైమంది అలా చెబితే పట్నంలోని కార్యాలయం సాయంత్రం బడికి ఇంకో ఐదేళ్లు పుస్తకాలిస్తుంది. లేకపోతే ఆ బడి గదిలో ఏలకుల బస్తాలు వేసుకుంటారు.

పదహారేళ్లుగా ఆ బడి ఆమెదే. మా ఊళ్లో నలభై ఒక్కమందికి అక్షరాలు దిద్దించింది. పిల్లాజెల్లా లేని మనిషి, ఉన్న ఆస్తి అదొక్కటే.

అందరూ తలలూపారు. ఊపడానికేం? మావాళ్లు పాదిరీకీ తలూపుతారు, ఏలకుల షావుకారుకీ తలూపుతారు. ఇంటికెళ్లాక తాము చేసేది చేస్తారు.

వచ్చినాయన పేరు డాన్ ఫౌస్తో. బట్టతల, మెత్తటి మాట. కెక్చీ ముక్క రాదు. ఎర్మెలిందా వయసులో ఉండగా పట్నంలో పదకొండేళ్లు వంటమనిషిగా చేసింది కాబట్టి స్పానిష్ మాట్లాడుతుంది. దుబాసీ పని ఆమెకే అప్పజెప్పారు. రొట్టె విరిగి నేతిలో పడిందనుకుంది పాపం.

మొదటిది ముసలి సెబేరో షోల్ ఇల్లు. ఆదివారం గుళ్లో కీర్తనల పుస్తకం పట్టుకుని ముందు తను చదివి, ఊరందరిచేతా పాడించేది ఆయనే. ఇంటి కప్పు, పొయ్యి, పందులు, అన్నీ సాఫీగా సాగాయి. పద్నాలుగో ప్రశ్న రాగానే సెబేరో డాన్ ఫౌస్తో చేతిలోని పెన్సిల్ వైపు చూశాడు.

"రాదు తల్లీ."

"మొన్న గుళ్లో చదివిందెవరు మావా?"

"అవి నోటికొచ్చినవి. రాదని చెప్పు ఆయనకి."

ఆమె చెప్పింది. దుబాసీ విన్నది చెప్పాలి గానీ తనకు తెలిసింది కాదు. డాన్ ఫౌస్తో గడిలో ఇంటూ పెట్టాడు.

రెండో ఇంట్లో రాదన్నారు. మూడో ఇంట్లో బల్లమీద తెరిచి ఉన్న కీర్తనల పుస్తకంమీద కోడలు తాపీగా చిక్కుళ్ల కుండ తెచ్చి పెట్టి, రాదంది. పదిహేడో ఇంట్లో, చెల్లెలికి నెలనెలా ఉత్తరం రాసే మతిల్దె అయితే మొక్కజొన్న రుబ్బుతూ తలైనా ఎత్తలేదు. పదిహేడిళ్లు తిరిగేసరికి పదిహేడిళ్లలోనూ ఇంటూలే. తను అక్షరం పలికించిన ప్రతి నోటినుంచీ "రాదు" అన్న మాట విని, దాన్ని తన నోటితోనే ఇంకో భాషలో చెప్పాల్సి రావడం ఎర్మెలిందాకి చెంపదెబ్బలా ఉంది.

ఉండబట్టలేక, డాన్ ఫౌస్తో మంచినీళ్లు తాగుతుండగా మతిల్దెని దొడ్లోకి లాక్కెళ్లింది.

"నన్ను నట్టేట ముంచారు కదే అందరూ కలిసి."

"ముంచామా? నిన్ను దాచామక్కా." మతిల్దె గొంతు తగ్గించింది. "మాకొచ్చంటే, ఎవరు నేర్పారని అడగరూ? యుద్ధమప్పుడు నువ్వు పట్నంలో ఉన్నావు, నీకేం తెలుసు. తుపాకులవాళ్లు కూడా మర్యాదగానే వచ్చారు. పేర్లు రాసుకున్నారు. ఎవరికి చదువొచ్చని అడిగి పక్కన గుర్తు పెట్టుకున్నారు. మీ అన్నే ముందు చెయ్యెత్తాడు."

అన్న కాలిస్తోని తీసుకుపోయారనీ, తిరిగి రాలేదనీ ఎర్మెలిందాకి తెలుసు. ఏం అడిగి తీసుకుపోయారో ముప్పై ఏడేళ్లలో ఎవరూ చెప్పలేదు.

చివరిది ఆమె ఇల్లే. డాన్ ఫౌస్తోకి కోకో కాచి ఇచ్చి ఎదురుగా కూర్చుంది. పొద్దుటినుంచీ ప్రశ్నలు చెవిని పడ్డాయే గానీ కాగితం ఆమె కంట పడలేదు. ఇప్పుడు చూసింది. ఎడమవైపు వరసగా పేర్లు, ఒక్కో పేరు పక్కన గుర్తు పెట్టే గడి. అన్న పేరు కూడా ఇలాగే ఏదో కాగితంలో ఎడమవైపు ఉండుంటుంది.

ఎవరినీ తిట్టుకోలేకపోయింది. అది మరీ కష్టంగా ఉంది.

"మీకు కెక్చీ చదవడం వచ్చే ఉంటుందిగా?" అన్నాడాయన నవ్వుతూ, పెన్సిల్ సిద్ధంగా పట్టుకుని.

ఒక్క 'వచ్చు'తో బడి నిలబడదు. అయినా ఒక్కటైనా నిజం ఉండాలని నోరు తెరిచింది. చూపు మళ్లీ ఆ ఎడమవైపు పేర్లమీద పడింది.

"రాదండీ."

"ఏ భాషలోనూ?"

"ఏ భాషలోనూ రాదు."

ఆయన ఇంటూ పెట్టి, దుబాసీ సంతకానికని ఇంకో కాగితం తీశాడు. కలం ఆమె చేతికివ్వబోయి, గుర్తొచ్చి జేబులో పెట్టుకున్నాడు. సంచిలోంచి సిరాపెట్టె తీశాడు.

నలభై ఒక్కమందిచేత వేలిముద్ర మాన్పించిన మనిషి బొటనవేలు చాపింది. ఆమెకిది కొత్తనుకున్నాడు కాబోలు, డాన్ ఫౌస్తో ఆ వేలిని మెల్లగా పట్టుకుని, సిరాలో ఎలా అద్దాలో, కాగితంమీద ఎలా ఒత్తాలో ఓపిగ్గా నేర్పాడు.